గుడి మానేసిన మనిషికి చివరి పూజ ఉంటుందా?

గోదావరి జిల్లాల్లో ఏ ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) పేటలోనైనా చావు జరిగిన ఇంట్లో ఏడుపులు కాస్త సద్దుమణిగాక ముందు తేలాల్సింది, ఫాదర్‌గారు వస్తారా రారా అన్నది. పోయిన మనిషి వారం వారం గుడికి వెళ్లినవాడైతే ఆ ప్రశ్నే పుట్టదు. పెళ్లినాడు గుడి మెట్లెక్కి, పిల్లల జ్ఞానస్నానాలకు తప్ప మళ్లీ అటు చూడనివాడైతే పుడుతుంది. గుడి పనుల్లో ఫాదర్‌కు తోడుండే ఉపదేశిగారు ఏమీ తేల్చరు. సంఘ పెద్దల్లో ఒకాయన చందా పుస్తకంలో ఆ ఇంటి పేరు ఏ ఏటితో ఆగిపోయిందో గుర్తు చేస్తాడు. "నాన్నకి గుడంటే కోపం లేదండి, చెరువుల మీద పనికి పోయి వీలు పడలేదంతే, మీరే కాస్త చెప్పండి బాబాయ్" అని పెద్దకొడుకు బతిమాలతాడు. పక్క వీధిలో ప్రార్థన మందిరం ఉంటే, పాస్టరుగారితో కానిచ్చేద్దామనే మాట కూడా వస్తుంది. ఐస్ బాక్స్‌లో శవం ఉండగానే ఈ టెన్షన్ అంతా నడుస్తుంది.

ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. ఈ మనిషికి శ్రీసభ, అంటే కతోలిక చర్చి, అంత్యక్రియలు జరపవచ్చా అన్నది ఒకటి. ఈ మనిషి ఆత్మ ఎక్కడికి పోయింది అన్నది రెండోది. జనం మొదటిదాన్ని బట్టి రెండోదానికి జవాబు చెప్పేసుకుంటారు. ఫాదర్ వస్తే మోక్షం, రాకపోతే నరకం అనుకుంటారు. కతోలిక బోధనలో ఈ రెండింటికీ అలాంటి ముడి లేదు. ఈ సంగతి సరిగ్గా తెలియక ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి లోలోపల కుమిలిపోతున్నాయి కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకోవాలి.

కానన్ చట్టంలో ఉన్నదేమిటి

శ్రీసభ సొంత చట్టమే కానన్ చట్టం, ఇప్పుడు అమల్లో ఉన్నది 1983 నాటిది. అంత్యక్రియల గురించి అందులో 1176 నుంచి 1185 వరకు ఉన్న కానన్లు, అంటే సెక్షన్లు, చెబుతాయి. మొదటి మాటే సూటిగా ఉంటుంది. చనిపోయిన విశ్వాసులకు శ్రీసభ అంత్యక్రియలు జరిపి తీరాలి. జరపడమే నియమం, నిరాకరించడం మినహాయింపు. ఆ మినహాయింపు 1184వ కానన్‌లో ఉంది, అది చాలా ఇరుకైనది. విశ్వాసాన్ని బాహాటంగా విడిచిపెట్టినవారు, శ్రీసభ బోధనను బాహాటంగా తిరస్కరించినవారు, శ్రీసభ నుంచి బాహాటంగా విడిపోయినవారు మొదటి కోవ. క్రైస్తవ విశ్వాసానికి విరుద్ధమైన కారణంతో తమ దేహాన్ని దహనం చేయమని కోరుకున్నవారు రెండో కోవ. నలుగురికీ తెలిసిన పాపజీవితం గడిపి, అంత్యక్రియలు చేస్తే విశ్వాసులకు తప్పుడు సంకేతం పంపేలా ఉన్నవారు మూడో కోవ. ఈ ముగ్గురిలో ఎవరైనా సరే, చనిపోయేముందు పశ్చాత్తాపపు గుర్తు ఏదైనా చూపిస్తే నిరాకరణ వర్తించదు. అనుమానం వస్తే బిషప్‌గారిని అడిగి ఆయన చెప్పినట్టు చేయాలి. 1976లో ఏలూరు మేత్రాసనం (ఒక బిషప్ పరిధి) ఏర్పడ్డాక డెల్టాలో చాలా విచారణలకు, అంటే పారిష్‌లకు, బిషప్‌గారి గడప దగ్గర్లోనే ఉంది. ఫోన్ చేస్తే తేలే విషయాన్ని పేటలో పంచాయితీ పెట్టి తేల్చాల్సిన పని లేదు.

గుడికి రానివాడు అనే మాట ఆ జాబితాలో లేదు. ఆదివారం పూజ, అంటే గుడిలో ఫాదర్ జరిపే దివ్యబలి, మానడం చిన్న విషయమని దీనర్థం కాదు. సరైన కారణం లేకుండా తెలిసి తెలిసి మానేస్తే అది ఘోర పాపమేనని శ్రీసభ బోధనల గ్రంథమైన సత్యోపదేశం చెబుతుంది. కానీ పాపం చేయడం వేరు, విశ్వాసాన్ని బాహాటంగా తోసేయడం వేరు. విశ్వాసం విడవడమంటే క్రైస్తవ విశ్వాసాన్ని మొత్తంగా కాదనడమని 751వ కానన్ నిర్వచిస్తుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే మనిషికి రాత్రంతా ఏరియేటర్లతోనే సరిపోతుంది, తెల్లారి మేత వేళకు మళ్లీ గట్టు మీద ఉండాలి. ఆదివారమని చెరువు ఆగదు. అలా పదేళ్లు గడిచాక గుడికి వెళ్లాలంటే సిగ్గేస్తుంది, ఇన్నాళ్లూ ఏమైపోయావని ఎవరైనా అడుగుతారేమోనని వెనకాడతాడు. అంతేగాని దేవుణ్ణి కాదన్నవాడు కాదు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళ్లి కొండెక్కి వస్తాడు. గౌరీపట్నం నిర్మలగిరి మాతకు మొక్కు తీరుస్తాడు. ఇంట్లో యేసు తిరుహృదయం పటం దగ్గర కొవ్వొత్తి వెలుగుతూనే ఉంటుంది. ఇలాంటి మనిషిని విశ్వాస త్యాగుల్లో కలపడం చట్టరీత్యా తప్పు, మనిషితనం ప్రకారం అంతకన్నా తప్పు.

ఇంకో మాట కూడా మన దగ్గర తరచూ వస్తుంది. "కాగితాల్లో హిందువనే కదా రాయించుకున్నాడు" అంటారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వెళతాడు. పిల్లల చదువు కోసం, ఉద్యోగం కోసం సర్టిఫికెట్ ఒక మతం పేర, జ్ఞానస్నానం మరో మతంలో అన్నట్టు బతికిన కుటుంబాలు డెల్టాలో ఎన్నో. ఆ పని మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అది శ్రీసభను విడిచిపెట్టడం కిందికి వస్తుందా అంటే మాత్రం రాదనే చెప్పాలి. పెళ్లి నియమాల సందర్భంలో, లాంఛనంగా శ్రీసభను వీడడమంటే ఏమిటని ప్రశ్న వచ్చినప్పుడు, 2006లో రోములోని చట్టాల మండలి జవాబిచ్చింది. ప్రభుత్వ కార్యాలయంలో జరిగే కాగితపు పని ఒక్కటే చాలదంది. విడిచిపెట్టాలన్న నిర్ణయం మనిషి లోపల ఉండాలి, దాన్ని శ్రీసభ అధికారి ముందు రాతపూర్వకంగా ప్రకటించాలి అని స్పష్టం చేసింది. అదే తర్కం ఇక్కడా వర్తిస్తుంది.

ఎర్రజెండా సంగతీ అంతే. పశ్చిమ గోదావరి పల్లెల్లో కూలి రేట్ల కోసం, బంజరు భూముల కోసం వ్యవసాయ కార్మిక సంఘాల్లో తిరిగిన కతోలికులు తక్కువేం కాదు. కమ్యూనిస్టుల మీద 1949లో రోము ఇచ్చిన కఠినమైన డిక్రీని పాత తరం ఇప్పటికీ గుర్తు చేస్తుంది. అందులో బహిష్కార శిక్ష చెప్పింది భౌతికవాద, క్రైస్తవ వ్యతిరేక సిద్ధాంతాన్ని తన సిద్ధాంతంగా ప్రకటించేవారికి. కూలి పెంచమని జెండా పట్టినవాడు దేవుడు లేడని ప్రకటించినవాడు కాదు.

మూడో కోవ, అంటే నలుగురికీ తెలిసిన పాపజీవితం, ఇదే అన్నింటికన్నా చిక్కైనది. గుడిలో పెళ్లి కాకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవారు, మొదటి భార్య ఉండగా మరో ఇల్లు పెట్టినవారు ఇందులోకే వస్తారని జనాభిప్రాయం. 1973లో రోము ఈ విషయంలో పాత కాఠిన్యాన్ని సడలించింది. చనిపోయేముందు శ్రీసభ మీద మమకారం నిలుపుకొని, పశ్చాత్తాపపు గుర్తు ఏదో ఒకటి చూపిన వారికి అంత్యక్రియలు నిరాకరించవద్దంది. ఆ గుర్తు ఎంత ఉండాలి? ఫాదర్‌ని పిలవమన్నా చాలు. సిలువను ముద్దాడినా, ప్రార్థనకు తల ఊపినా, జపమాల చేతిలో పెడితే పట్టుకున్నా చాలంటారు. అనుభవమున్న విచారణ గురువులు, అంటే ఫాదర్‌లు, దీన్ని వీలైనంత ఉదారంగానే చూస్తారు, చూడాలి కూడా.

ఇక చందా బాకీ. అది ఏ కానన్‌లోనూ లేదు. పైగా అంత్యక్రియల్లో మనుషుల మధ్య తేడా చూపకూడదని, పేదలకు తగిన అంత్యక్రియలు దక్కకుండా పోకూడదని 1181వ కానన్ ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. సంఘ పెద్దల బాధలో న్యాయం లేదని కాదు. సమాధుల తోటకు ప్రహరీ కట్టింది, గుడికి రంగులు వేయించింది, పండగకు విందు పెట్టింది నెలనెలా ఇచ్చినవాళ్లే. ఇవ్వనివాడికీ అదే మర్యాదా అని వాళ్లకు అనిపించడం సహజం. ఆ లెక్క బతికున్నవాళ్లతో, తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. శవం వాకిట్లో ఉండగా బాకీ తీర్చండి, అప్పుడే తోటలో చోటు అనడం మాత్రం శ్రీసభ పేరు మీద జరిగే అన్యాయం. ఆ మాట గట్టిగానే అనాలి.

నిజానికి ఆ రోజు తెరవాల్సింది చందా పుస్తకం కాదు, జ్ఞానస్నానాల రిజిస్టరు. పాత విచారణల్లో అది బరువైన అట్ట పుస్తకం, అంచులు చెదలు తిని, సిరా గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. అందులో పేరు, పుట్టిన తేదీ, జ్ఞానస్నానపు తేదీ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, సంతకం వరసగా ఉంటాయి. విశ్వాసాన్ని స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం జరిగితే, పెళ్లయితే ఆ వరసలోనే పక్కన రాస్తారు. మనిషి గుడి మానేసి నలభై ఏళ్లయినా ఆ వరస అలాగే ఉంటుంది. జ్ఞానస్నానం ఆత్మ మీద చెరగని ముద్ర వేస్తుందని, పాపం వల్ల దాని ఫలాన్ని పోగొట్టుకున్నా ముద్ర పోదని శ్రీసభ బోధ. అంత్యక్రియలకు ఆధారం ఆ ముద్రే, హాజరు పట్టీ కాదు.

ఆ ప్రార్థనలు ఎవరితో ఏమంటున్నాయి

అంత్యక్రియల క్రమాన్ని, బిషప్‌లంతా కలిసిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత 1969లో కొత్తగా తయారు చేశారు. ఇల్లు, గుడి, సమాధుల తోట అని మూడు చోట్ల జరిగేలా అందులో ఏర్పాటుంది. గుడి గుమ్మం దగ్గర పెట్టె మీద తీర్థజలం చల్లుతారు, అది జ్ఞానస్నానాన్ని గుర్తు చేయడానికి. పెట్టె పక్కన వెలిగే పాస్కా (ఈస్టర్) వత్తి కూడా అందుకే. సాంబ్రాణి వేయడం ఆ దేహం ఒకప్పుడు పవిత్రాత్మకు ఆలయమై ఉన్నందుకు. ప్రసంగంలో వాక్యం గురించి చెప్పాలి గాని చనిపోయినవాడికి పొగడ్తలు వద్దని పూజా నియమావళి చెబుతుంది. మన దగ్గర ఈ నియమం పెద్దగా నిలవదు, మైకు దొరికితే ఊరి పెద్దలు వరసగా మాట్లాడతారు. అయినా ఆ నియమం వెనకున్న ఆలోచన గుడి మానేసినవాడి కుటుంబానికి ఎంతో ఊరట. అక్కడ మంచివాడా కాదా అన్న తీర్పు చెప్పనక్కర్లేదు. ఆ ప్రార్థనలన్నీ దేవుడి వైపు తిరిగి అడిగేవి. ఇతని పాపాలు క్షమించు, ఇతన్ని నీ దగ్గరికి చేర్చుకో అనే వేడుకోళ్లు. ఇతడు పరలోకం చేరాడు అనే ప్రకటన అందులో ఉండదు. పూజ పునీతుడికైనా పామరుడికైనా ఇదే భాషలో సాగుతుంది.

కాబట్టి నిష్ఠగా బతికిన ముసలమ్మకూ, ముప్పయ్యేళ్లు గుడి మొహం చూడని ఆమె కొడుక్కూ ఒకే ప్రార్థన చదివితే అందులో అబద్ధం లేదు. ఇద్దరికీ కావాల్సింది కనికరమే.

ఆ రోజు పూజ లేకపోవడాన్ని శిక్షగా అనుకునే సందర్భం ఇంకొకటి ఉంది. పవిత్ర గురువారం, గుడ్ ఫ్రైడే, పవిత్ర శనివారం, క్రిస్మస్ లాంటి మహోత్సవాలు, క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలం, ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం, ఈస్టర్ నుంచి సాగే పాస్కా కాలం, ఈ మూడు కాలాల్లోని ఆదివారాలు, ఈ రోజుల్లో ఎవరు చనిపోయినా మృతుల పూజ జరపరు. వాక్యం, ప్రార్థన, తోట దగ్గర కార్యం మాత్రమే చేసి, పూజ మరో రోజు చెబుతారు. గుడ్ ఫ్రైడే నాడు భర్తను సాగనంపిన ఒక కుటుంబానికి పేటలో ఎవరో "ఆయన గుడికి రాలేదుగా, అందుకే పూజ ఇవ్వలేదు" అన్నారంటే అది పూర్తిగా తప్పుడు మాట.

తోట దగ్గర డెల్టాకే ప్రత్యేకమైన కష్టాలుంటాయి. వానాకాలంలో కొన్ని అడుగులు తవ్వగానే గోతిలో నీరు ఊరుతుంది. ఒకరు బకెట్‌తో తోడుతుంటే ఇంకొకరు పొడి ఇసుక తెచ్చి అడుగున పోస్తారు. మోకులు పట్టుకున్న నలుగురూ జారే గట్టు మీద కాళ్లు తన్నిపెట్టి పెట్టెను దించుతుంటే ఫాదర్ గొడుగు కిందే ప్రార్థన ముగించాల్సి వస్తుంది. కాలవ గట్టున ఆర్‌సీఎంకు వేరే తోట ఉన్న ఊళ్లు కొన్నే, మిగతా చోట్ల పంచాయతీ స్థలంలోనే అందరూ. దీనికీ చట్టంలో దారి ఉంది. ఆశీర్వదించిన తోట లేనిచోట ఒక్కొక్క సమాధినే ఆశీర్వదించాలని 1240వ కానన్ చెబుతుంది. మన తోటలో చోటివ్వలేదు కాబట్టి అంతా అయిపోయిందని ఏ కుటుంబమూ అనుకోనక్కర్లేదు.

మరి ఆత్మ సంగతి?

కతోలిక బోధన ప్రకారం మరణించిన క్షణంలోనే ప్రతి ఆత్మకూ వ్యక్తిగత తీర్పు జరుగుతుంది. పరలోకం, ఆత్మ శుద్ధి పొందే ఉత్తరించు స్థలం ద్వారా పరలోకం, లేదా నరకం. నరకం ఉందని శ్రీసభ నిస్సంకోచంగా చెబుతుంది. చావైన పాపంలో, అంటే ఆత్మను దేవుడి నుంచి తెంచే ఘోర పాపంలో, పశ్చాత్తాపం లేకుండా, దేవుణ్ణి వద్దనుకుంటూ చనిపోయినవాడి గతి అదే. దీన్ని మెత్తబరచి చెబితే బోధన మారిపోతుంది.

అయితే పాపం చావైన పాపం కావాలంటే మూడు కలవాలి. విషయం ఘోరమైనదై ఉండాలి, అది ఘోరమని పూర్తిగా తెలిసి ఉండాలి, ఇష్టపూర్వకంగా ఒప్పుకొని చేసి ఉండాలి. భయం, అలవాటు, తెలియనితనం, మానసిక వేదన మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, ఒక్కోసారి పూర్తిగా తీసేస్తాయని సత్యోపదేశం చెబుతుంది. గుడి మానేసినవాళ్ల కథలు విడివిడిగా చూస్తే ఈ మూడూ కలిసినవి ఎన్ని అన్న ప్రశ్న వస్తుంది. ఒకడు చిన్నప్పుడు గుడిలో కులం పేరుతో అవమానం పొంది మళ్లీ రాలేదు. ఒకామె కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి, యజమాని బయటకు పంపక ఏళ్లపాటు పూజ చూడలేదు, తిరిగొచ్చాక అలవాటు తప్పిపోయింది. ఒకాయన తాగుడికి బానిసై, తాగిన నోటితో, పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదని తనకు తానే దూరంగా ఉండిపోయాడు. చివరివాడి దూరంలో భక్తి కూడా ఉంది. వీళ్లలో ఎవరి లోపల ఎంత తెలివిడి, ఎంత ఇష్టం ఉన్నాయో కొలిచే సాధనం మనిషి దగ్గర లేదు. శ్రీసభ ఎందరినో పునీతులుగా ప్రకటించి, వీరు పరలోకంలో ఉన్నారని చెప్పింది. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఇంతవరకూ ఎవరి పేరూ ప్రకటించలేదు. పేటలో అరుగు మీద కూర్చుని ఆ ప్రకటన చేసేవాళ్లు శ్రీసభ చేయని పని చేస్తున్నారు.

ఆఖరి క్షణం సంగతి కూడా ఉంది. దేవుడి మీద ప్రేమతో కలిగే పరిపూర్ణ పశ్చాత్తాపం, వీలైనంత త్వరగా పాపసంకీర్తనం చేయాలన్న (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలన్న) నిశ్చయంతో కలిస్తే, చావైన పాపాన్ని కూడా కడుగుతుందని బోధన. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగకు పశ్చాత్తాపపడడానికి పట్టిన సమయం ఎంత? పొద్దుగూకే వేళ ద్రాక్షతోటలో దిగిన కూలీలకూ పొద్దున్నుంచి చేసినవాళ్లతో సమానంగా కూలి ఇచ్చిన యజమాని ఉపమానం మత్తయి సువార్తలో ఉంది. అది విన్న పాత కూలీల సణుగుడే ఇవాళ సంఘ పెద్దల నోట వినిపిస్తుంది. దీని అర్థం చివర్లో చూసుకుందాంలే అని బతకవచ్చని కాదు. అలాంటి ధీమా కూడా పాపమే. ఇక్కడ మాట్లాడుతున్నది ఇప్పటికే వెళ్లిపోయిన మనిషి గురించి.

2007లో పోపు బెనెడిక్ట్ 16 క్రైస్తవ ఆశ మీద శ్రీసభ అంతటికీ రాసిన విశ్వలేఖలో ఈ ప్రశ్నను నేరుగా పట్టుకున్నారు. సత్యాన్నీ ప్రేమనూ తమలో పూర్తిగా చంపేసుకున్నవారు ఉండవచ్చు. అప్పటికే పూర్తిగా పవిత్రులైనవారూ ఉండవచ్చు. చాలామంది మాత్రం ఈ రెండింటి మధ్య ఉంటారని, లోలోతుల్లో దేవుడి వైపు తెరుచుకునే తలుపు ఒకటి మిగిలి ఉంటుందని, రోజువారీ రాజీలు దాన్ని మురికితో కప్పేస్తాయని ఆయన భావం. ఆ మురికిని దహించే, క్రీస్తుతో జరిగే కలయికే ఉత్తరించు స్థలం. గుడి మానేసిన సగటు మనిషి గురించి ఇంతకన్నా నిజాయితీగా చెప్పిన మాట దొరకదు.

ఆత్మహత్య చేసుకున్నవారి ఇళ్లలో ఈ భయం మరీ ఎక్కువ. 1917 నాటి పాత కానన్ చట్టం తెలిసి తెలిసి ప్రాణం తీసుకున్నవారికి అంత్యక్రియలు నిరాకరించేది. ఆ నిబంధన 1983 చట్టంలో లేదు. వారి రక్షణ గురించి నిరాశ పడవద్దని, పశ్చాత్తాపానికి అవకాశం దేవుడు తనకే తెలిసిన దారుల్లో ఇవ్వగలడని సత్యోపదేశం అంటుంది. అప్పుల్లో మునిగి పురుగుమందు తాగిన కౌలు రైతు శవాన్ని గుడి బయట నుంచే పంపించాలనే పెద్దలు ఇంకా ఉంటే, వారు ఎప్పుడో పోయిన చట్టాన్ని అమలు చేస్తున్నారు.

పాస్టరుగారు, గోదావరి, చితాభస్మం

డెల్టాలో క్రైస్తవం ఒక్క రంగులో లేదు. 1836లో ఇండియాకు వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతుల పనితో నరసాపురం చుట్టూ బ్రదరెన్ అనే ప్రొటెస్టంట్ సంఘాలు ఏర్పడ్డాయి. రాజమండ్రి 1840ల నుంచీ లూథరన్ల కేంద్రం. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో అడుగుపెట్టారు. యానాంలో ఫ్రెంచివాళ్ల కాలం నాటి కతోలిక గుడి ఉంది. వీటన్నిటి మీద గత కొన్ని దశాబ్దాల్లో పెంతెకోస్తు, స్వతంత్ర ప్రార్థన మందిరాలు వెలిశాయి. కాబట్టి గుడి మానేసిన కతోలికుడు చాలాసార్లు దేవుణ్ణి మానలేదు, మందిరానికి మారాడంతే. కాలవలో ముంచే బాప్తిస్మం మళ్లీ తీసుకున్నవారూ ఉన్నారు.

వీరి విషయంలో లెక్క వేరు. మనసారా మరో సంఘంలో చేరి, నా కార్యం పాస్టరుగారే చేయాలని చెప్పిన మనిషి మాటను గౌరవించాలి. అతన్ని చచ్చాక లాక్కొచ్చి ఆర్‌సీఎం తోటలో పెట్టడం కుటుంబ పంతమే అవుతుంది. స్పష్టంగా ఏమీ చెప్పని మనిషి, ఇంట్లో వాళ్ల కోసం మందిరానికి వెళ్లి కూర్చున్న మనిషి వేరే కోవ. ఇతర సంఘాల క్రైస్తవుడికి సైతం, సొంత బోధకుడు అందుబాటులో లేకపోతే, వద్దన్నది అతని కోరిక కాకపోతే, బిషప్ అనుమతితో కతోలిక అంత్యక్రియలు జరపవచ్చని 1183వ కానన్ వీలిస్తుంది.

అసలు తగవు సమాధి దగ్గర కాదు, తర్వాత వస్తుంది. మందిరంవాళ్లు పెట్టే ఆదరణ కూడిక బతికున్నవాళ్ల కోసం. చనిపోయినవారి కోసం ప్రార్థించడం వాక్యంలో లేదని వారి బోధ, మరణం తర్వాత తీర్పేనన్న హెబ్రీయులకు రాసిన లేఖలోని మాట చూపిస్తారు. కతోలికులు రెండవ మక్కబీయుల గ్రంథం 12వ అధ్యాయం చూపిస్తారు, అది ప్రొటెస్టంట్ బైబిల్లో ఉండదు. అన్నదమ్ములిద్దరూ చెరో బైబిలు పట్టుకుని తండ్రి గురించి వాదించుకుంటారు. మృతుల కోసం ప్రార్థన మేలు చేస్తుందని 1439లో ఫ్లోరెన్స్ మహాసభ, 1563లో ట్రెంట్ మహాసభ చెప్పాయి. అదే ట్రెంట్ మహాసభ ఉత్తరించు స్థలం పేరుతో మూఢనమ్మకాలు, డబ్బు యావ చొరబడకుండా చూడమని బిషప్‌లను ఆదేశించింది. ఈ రెండో సగం మనకు ఇప్పటికీ పనికొచ్చేదే.

హిందూ కుటుంబంతో వియ్యమందిన ఇళ్లలో దహనం, అస్థి నిమజ్జనం ముందుకొస్తాయి. దహనాన్ని శ్రీసభ 1963 నుంచి అనుమతిస్తోంది, ఖననమే మేలని చెబుతూనే. చితాభస్మాన్ని గాలిలో, నేల మీద, నీటిలో చల్లకూడదని, పవిత్ర స్థలంలో భద్రపరచాలని 2016లో రోము ఆదేశించింది. అందరి భస్మాన్నీ ఒకేచోట కలిపి ఉంచే పవిత్ర స్థలం ఏర్పాటు చేయవచ్చని 2023 చివర్లో ఇచ్చిన వివరణలో ఒప్పుకుంది. అంటే రాజమండ్రి ఘాట్‌లోనో అంతర్వేది సంగమంలోనో కలపడం కుదరదు. కానీ చట్టం అంత్యక్రియలు నిరాకరించమనేది చనిపోయిన మనిషి క్రైస్తవ విశ్వాసానికి వ్యతిరేకంగా అలా కోరుకున్నప్పుడు. హిందువైన భార్య తన ఆచారం ప్రకారం గోదావరిలో కలిపితే ఆ నేరం పోయినవాడి ఖాతాలో పడదు.

చేయగలిగింది

బతికుండగా చేయగలిగింది ఒకటుంది, అది ఎక్కువగా తప్పిపోతున్నదీ అదే. ఫాదర్‌ని పిలిస్తే రోగి భయపడతాడని, ఇక పోతాడని అందరికీ తెలిసిపోతుందని, ఆఖరి శ్వాస దాకా ఆపుతారు. రోగికి నూనె పూసి చేసే అవస్థాభ్యంగనం చనిపోయేవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభే చెప్పింది, పెద్ద జబ్బు, పెద్ద ఆపరేషన్, ముదిమి చాలు. మనిషి స్పృహలో ఉండగా పిలిస్తే పాపసంకీర్తనం చేయగలడు, దివ్యసత్ప్రసాదం తీసుకోగలడు. స్పృహ తప్పాక పిలిచినా, స్పృహలో ఉంటే అడిగి ఉండేవాడే అనుకుంటే అభ్యంగనం ఇవ్వవచ్చు. చనిపోయాడో లేదో తేలని స్థితిలోనూ ఇవ్వమనే 1005వ కానన్ అంటుంది. మరణాపాయంలో ఉన్నవారి పాపాలను ఏ గురువైనా క్షమించవచ్చు, ఆయన గురుత్వం వదిలేసి ఇంటి దగ్గర ఉంటున్నా సరే. గుడి మానేసిన తండ్రి ఆస్పత్రిలో ఉన్నప్పుడు పిల్లలు మొహమాటపడి పోగొట్టేది ఈ అవకాశాన్నే. అడిగితే వద్దంటాడేమోనన్నది వాళ్ల అనుమానం. చాలామంది వద్దనరు, తాము అడగలేక ఎదురుచూస్తుంటారు.

అది జరగకుండా పోయినవారి కోసం నవంబరు ఉంది. 1 నుంచి 8 వరకు సమాధుల తోటకు వెళ్లి మృతుల కోసం ప్రార్థిస్తే, మామూలు షరతులతో, ఆ ఆత్మలకు సంపూర్ణ పాపపరిహార ఫలం, అంటే పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తొలగడం, దక్కుతుంది. కరోనా ఏడాది 2020లో ఆ గడువును నెలంతటికీ పొడిగించారు. 2వ తేదీన సున్నం కొట్టిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు పెట్టేటప్పుడు మంచి కతోలికుడి సమాధి, మానేసినవాడి సమాధి అని తేడా ఎవరూ చూడరు.

పూజ చెప్పించడానికి కాలపరిమితి లేదు. బతికున్న, చనిపోయిన ఎవరి కోసమైనా పూజ అర్పించే స్వేచ్ఛ గురువుకు ఉందని 901వ కానన్ చెబుతుంది. మందిరంవాళ్లు పూడ్చినవాడికైనా, అస్థికలు గోదావరిలో కలిసినవాడికైనా, పాతికేళ్ల కింద ఫాదర్ రాకుండానే పోయినవాడికైనా ఇది వర్తిస్తుంది. కానుక ఇచ్చుకోలేని పేదల కోసం అసలు కానుకే లేకుండా పూజ చెప్పమని 945వ కానన్ గురువులను గట్టిగా కోరుతుంది. గుడి ఆఫీసులో పేరు, పోయిన తేదీ రాసిస్తే చాలు. ఆ మనిషి ఏ తోటలో ఉన్నాడో, ఆఖరిసారి గుడికి ఎప్పుడు వచ్చాడో అందులో రాయాల్సిన పని లేదు.